డెబ్బై అయిదు వాట్లు

కోదాడ బస్టాండు రోడ్డులో విమానం రవీందర్ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఉత్త రవీందరే. లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు, చార్జర్లు అమ్ముతాడు, పాత లాప్‌టాప్‌లు కొని తుడిచి మళ్ళీ అమ్ముతాడు. మరి ఈ విమానం ఎక్కడ తగులుకుందయ్యా అంటే, అది ఆయన నోటి పుణ్యం. దుబాయో కువైటో పోయేవాళ్ళు ప్రయాణానికి ముందు వచ్చి ఆ దేశపు ప్లగ్గుపిన్నులు కొనుక్కుంటారు కదా, వాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేవాడు.

"సీటు కిందనో, రెండు సీట్ల నడుమనో ప్లగ్గు ఉంటది. పచ్చ లైటు వెలుగుతది. కానీ అది మన ఇంటి కరెంటు గాదు, యాదికుంచుకో. డెబ్బై అయిదు వాట్లే ఇస్తది. అంతకు మించి గుంజినవనుకో, టప్పున ఆరిపోతది. పెద్ద లాప్‌టాప్ తీస్కపోయి గాడ ఏడ్వకు."

పన్నెండేళ్ళ కింద బీరయ్య అనే ఆయన దుబాయ్ పోతూ ఈ పాఠమంతా నోరు తెరుచుకొని విన్నాడు. విని, "నువ్వు ఎన్నిసార్లు ఎక్కినవ్ అన్నా?" అని అడిగాడు. ఎక్కలేదు అంటే ఏం పోయేది చెప్పండి? ఒక్క ముక్క. ఆ ముక్క రవీందర్ గొంతు దాటలేదు. "ఎక్కకుండనే చెప్తున్ననా?" అన్నాడు. అది అబద్ధం కాదు, ప్రశ్నే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ ప్రశ్న ఊరంతా తిరిగి, రవీందర్ రెండేళ్ళు దుబాయ్‌లో పనిచేసొచ్చాడన్న కథై కూర్చుంది. నిజానికి ఆయన దుబాయ్ కోసం పాస్‌పోర్టు తీయించుకున్నాడు, అంతవరకే. అక్కడ పని కుదరలేదు. పాస్‌పోర్టు గడువు తీరిపోయింది, లోపల ఒక్క ముద్ర పడలేదు. ఆయన విమానాన్ని ఎప్పుడు చూసినా తలెత్తే చూశాడు.

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలుసు. భార్య ఉషారాణికి మరీ బాగా తెలుసు. ఆమె చిలుకూరు హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. సాయంత్రం బడి నుంచి వచ్చి షాపులో ఓ మూల కూర్చొని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునేది. మొగుడు నోటితో విమానాలు నడుపుతుంటే తల వంచుకొని నవ్వుకునేదే తప్ప, ఒక్కనాడూ బయటపెట్టలేదు. అట్లాంటి ఉషారాణికి విమానమెక్కే యోగం పట్టింది.

ఆమె మూడేళ్ళుగా బడి పిల్లలను వెంటేసుకొని చిలుకూరు వరిపొలాల గట్లమీద తిరుగుతోంది. మందు కొట్టిన మడిలో పురుగులెన్ని, కొట్టని మడిలో ఎన్ని, వాటిలో పైరును తినేవెన్ని, ఆ తినేవాటిని తినేవెన్ని అని పిల్లలచేత లెక్కపెట్టించి ఫొటోలు తీయించింది. ఆ పని ఎవరో చూశారు, ఇంకెవరికో చెప్పారు. చివరికి జర్మనీలో జరిగే సైన్సు టీచర్ల సభకు రమ్మని ఆమెకు పిలుపొచ్చింది. టిక్కెట్టు వాళ్ళదే, బస వాళ్ళదే. ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడాలి.

ఆ కాగితం చదివిన క్షణాన రవీందర్‌కు సంతోషం కలగలేదంటే పాపం. కలిగింది. ఓ అరగంట ఉంది. మిఠాయి కూడా తెచ్చి పక్క షాపులవాళ్ళకు పంచాడు. పంచుతుంటే టీ కొట్టు యాదయ్య, "ఇగ మనం టీచరమ్మ మొగుడంటె సరిపోతది, విమానం గిమానం ఎందుకు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. రవీందర్ కూడా నవ్వాడు. లోపల మాత్రం ఎండుమిరపకాయ కొరికినట్టయింది.

ఇక అక్కణ్ణించి మొదలైంది చూడండి ఆయన కడుపుమంట! ఉషారాణి వీసాకు పోతే మంట. స్వెట్టరు కొనుక్కుంటే మంట. బడిలో పిల్లలు కాగితపు విమానం చేసి ఆమె బల్లమీద పెట్టారని నవ్వుతూ చెబితే మంట. మిర్యాలగూడ నుంచి తల్లి జానమ్మ కోడల్ని దీవించి పోదామని వచ్చింది. కోడలి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, కళ్ళు తుడుచుకొని, "నా కొడుకు ఎక్కకపోతెనేంది, నా కోడలు ఎక్కుతాంది. గదే సాలు నాకు" అంది. కన్నతల్లి! ఆమె నోట్లోంచే ఆ మాట రావాలా? రవీందర్ అన్నం కంచం ముందునుంచి లేచిపోయాడు.

"ఏందయ్యా, మొఖం గట్ల మాడ్సుకున్నవ్? పెండ్లాం మంచిపని మీద పోతుంటే నవ్వవా?" అని జానమ్మ వెనకనుంచి కేకేసింది.

"పని ఉన్నదమ్మా" అన్నాడు. పనీ లేదు పాడూ లేదు. షాపులో కూర్చొని గంటసేపు ఫ్యాను చూశాడు. ఆయన బాధ ఏమిటో మనసు విప్పి చెప్పుకుంటే ఇంతే: ఆమె పోయొస్తుంది. వచ్చి, సీటు ఇలా ఉంటుంది, ప్లగ్గు అలా ఉంటుంది అంటుంది. అప్పుడు తను పన్నెండేళ్ళుగా చెప్పిందంతా విన్న మాటలైపోతాయి, ఆమె చెప్పేది చూసిన మాటవుతుంది. ఊళ్ళో ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరొక్కటే. దాన్ని ఆమె అడక్కుండానే పట్టుకుపోతోందని ఆయన ఏడుపు.

ఇదిలా ఉంటే, పదో తరగతి జవాబుపత్రాలు దిద్దే డ్యూటీ ఉషారాణికి సూర్యాపేటలో పడింది. జర్మనీ పోవాలండీ, వదిలిపెట్టండని ఆమె బతిమాలింది. ప్రయాణానికి ముందురోజు దాకా రావలసిందే అన్నారు. పొద్దున ఏడింటి బస్సుకు సూర్యాపేట పోవడం, చీకటిపడే వేళకు తిరిగి రావడం, వస్తూనే మంచం మీద వాలిపోవడం. సభలో చూపించాల్సిన ఇరవై ఎనిమిది స్లయిడ్లలో ఒక్కటీ తయారు కాలేదు. దానికి తోడు ఆమె పాత లాప్‌టాప్ ఆ వారమే తెర నల్లబడి కూర్చుంది.

"ఏమండీ, నాకు ఏదైనా లాప్‌టాప్ ఇవ్వరూ" అంది ప్రయాణం రేపనగా షాపుకొచ్చి. "విమానంలో తొమ్మిది గంటలు కూర్చోవాలంట. అక్కడ పూర్తి చేసుకుంటా. దిగిన పూటే నా వంతు ఉంది."

షాపు అరలో రెండు లాప్‌టాప్‌లు అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి చిన్నది, పలచటిది, చార్జరు కూడా అరచేతిలో పట్టేంతది. నలభై అయిదు వాట్లు. రెండోది ఆటలాడుకునే కుర్రకారు కొనేది. ఇటుకంత చార్జరు, నూట ఎనభై వాట్లు. బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. ప్లగ్గులో ఉంటేనే బతుకుతుంది.

రవీందర్ చెయ్యి ముందు చిన్నదాని మీదకే పోయింది. అది నిజం. అప్పుడే యాదయ్య టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి, "టీచరమ్మా, రేపేనా? వచ్చినంక విమానం సంగతులు మాకు సక్కగ చెప్పాలె. మీ ఆయన చెప్పి చెప్పి మాకు పాతవడ్డయి" అన్నాడు.

రవీందర్ చెయ్యి పక్కకు జరిగింది. పెద్దది తీసి బల్లమీద పెట్టాడు.

"అబ్బో! ఇంత పెద్దదా? ఇది అమ్మితే చాలా వస్తుంది కదండీ?" అంది ఉషారాణి.

"నీకు ఇయ్యక ఎవరికిస్త? మంచి జోరుగ పనిచేస్తది. ఫొటోలు టకటక తెరుసుకుంటయ్."

"విమానంలో ప్లగ్గు ఉంటుందిగా?"

"ఎందుకుండదు, ఉంటది" అన్నాడు రవీందర్. అది కూడా అబద్ధం కాదు మరి! ఈ మనిషి జీవితంలో అబద్ధమనేది ఆడడు, నిజాన్నే సగానికి కోసి ఇస్తాడు. ఉషారాణి ఆ బరువంతా రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకొని, "మీరుండబట్టి సరిపోయింది" అంది. ఆ మాటకు ఏ మొగుడైనా సిగ్గుపడాలి. ఆయన మెడ తడుముకొని ఊరుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హైదరాబాదు బస్సెక్కించాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు, నీళ్ళ సీసా కొనిచ్చాడు, ఆ ఇటుకంత చార్జరు సంచిలో అడుగున ఉందని చెప్పాడు. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె చెయ్యి ఊపింది. ఆ చిన్న లాప్‌టాప్ ఇంకా షాపులోనే ఉంది, పరుగెత్తితే మూడు నిమిషాలు. ఆయన కదల్లేదు.

సాయంత్రం ఏడింటికి ఆమె మెసేజీ పెట్టింది: 'ఎయిర్‌పోర్టులో ప్లగ్గు దగ్గర కూర్చుని పదకొండు స్లయిడ్లు చేశా. మిగతావి పైన చేసుకుంటా. మీరు అన్నం తినండి.' రవీందర్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. 'పైన అది నడవదు' అని రాశాడు. రాసి చెరిపాడు. విమానం లేవడానికి ఇంకా ఆరు గంటలుంది, ఆమె మిగతావి కూడా అక్కడే ముగించుకోగలదు. ఒక్క మాట చాలు. మళ్ళీ రాశాడు. అంతలో టీ కొట్టు ముందు ఎవరో, "టీచరమ్మ ఈపాటికి ఎక్కిందా?" అని యాదయ్యను అడుగుతున్నారు. తనను కాదు, యాదయ్యను! మళ్ళీ చెరిపి, 'సరే' అని ఒక్క ముక్క పంపించాడు.

ఆ వారం రోజులూ ఆయన పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. తేలు కుట్టిన దొంగకు ఏడ్చే స్వాతంత్ర్యం కూడా ఉండదు. 'క్షేమంగా చేరా' అని ఒక మెసేజీ వచ్చింది. 'మాట్లాడడం అయింది' అని ఇంకోటి. ఎట్లా అయిందో రాయలేదు, ఈయన అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని ఫోన్‌ను బల్లమీద బోర్లా పెట్టుకు తిరిగాడు.

ఆమె తిరిగొచ్చింది. జానమ్మకు శాలువా తెచ్చింది, యాదయ్య మనవలకు చాక్లెట్లు తెచ్చింది, రవీందర్‌కు చొక్కా తెచ్చింది. పెద్ద లాప్‌టాప్ తుడిచి, చార్జరు వైరు చుట్టి, అరలో ఎక్కడిది అక్కడ పెట్టింది. సభ సంగతి అడిగినవాళ్ళకు, "బాగానే జరిగిందండీ" అంది. అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు. మొగుణ్ణి ఏమీ అనలేదు. అంటే తెలియలేదేమో, ప్లగ్గు పాడైందనుకుందేమో అని రవీందర్ తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. నాలుగో రోజుకు అన్నం కూడా సహించింది.

ఆ రోజు సాయంత్రం ఉషారాణి ఎప్పటిలాగే షాపు మూలన నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది. చివ్వెంల దగ్గరి తండా నుంచి పుష్పాబాయి, ఆమె కూతురు నందిని వచ్చారు. నందిని నర్సు. సౌదీలో ఉద్యోగం దొరికింది, వచ్చేవారం ప్రయాణం. విమానం సంగతులు ఎవర్ని అడగాలంటే, విమానం రవీందర్‌ను అడగమని సూర్యాపేట బస్టాండులో కూడా చెప్పారట! రవీందర్‌కు ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చింది. స్టూలు తుడిచి వేశాడు.

"అన్నా, దిగినంక నాకు పరీక్ష ఉన్నది. విమానంల గూడ చదువుకోవాలె. లాప్‌టాప్ నడుస్తదా?" అంది నందిని.

"ఎందుకు నడవదు బిడ్డా! సీటు కిందనో, రెండు సీట్ల నడుమనో ప్లగ్గు ఉంటది. పచ్చ లైటు వెలుగుతది..." ఇక ఆయన ఆగితేనా? పన్నెండేళ్ళ పాఠం నీళ్ళు నమలకుండా పరుగెత్తింది. నందిని లేచి అరలో ఉన్న పెద్ద లాప్‌టాప్ మీద చెయ్యి వేసింది.

"మంచిగున్నది గిది. ఇది తీస్కపోనా?"

"అమ్మో, గది వద్దు బిడ్డా! నూట ఎనభై వాట్లు గుంజుతది. పెట్టిన జర సేపటికే సీటు ప్లగ్గు ఆరిపోతది, బ్యాటరీ కూడా ఆగదు దానికి. తొమ్మిది గంటలు ఊకె మొఖం సూసుకుంట కూసోవాలె..."

అని, ఆగిపోయాడు. తన గొంతు తనకే వినిపించింది. మూలన ఎర్రసిరా పెన్ను కదలడం మానేసింది. ఉషారాణి తలెత్తి చూస్తోంది. ఆ చూపులో కోపమేమీ లేదు. ఇప్పుడిప్పుడే ఒక విషయం అర్థమవుతున్న మనిషి చూపు అది.

నందినికి ఇవేం తెలుసు? "తొమ్మిది గంటలా? సౌదీకి అంత పట్టదు కదన్నా. నువ్వు దుబాయ్ వోయినప్పుడు ఏది తీస్కపోయినవ్?" అంది. ఆయన బల్లమీది వైర్లు సర్దడం మొదలెట్టాడు. పిల్ల ఉషారాణి వైపు తిరిగింది. "అక్కా, అన్న ఏది తీస్కపోయిండు?"

ఉషారాణి ఒక్క మాటంటే చాలు. ఆయన దుబాయ్ పోలేదమ్మా, విమానం మెట్టు కూడా తొక్కలేదమ్మా అంటే, ఆ కబురు చీకటి పడేలోపు చివ్వెంల దాకా పోతుంది. రవీందర్ ఆ మాట కోసమే బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. అనాలి కూడా, ఆమె అంటేనే న్యాయం.

"చిన్నదే తీసుకెళ్ళారమ్మా" అంది ఉషారాణి, పన్నెండేళ్ళుగా కాపాడినట్టే. "మీరు కూడా చిన్నదే తీసుకోండి."

తిట్టినా ఆయన తట్టుకునేవాడు. ఇది తట్టుకోలేకపోయాడు.

"లేదు బిడ్డా" అన్నాడు. "నేను ఎన్నడూ విమానం ఎక్కలే. దుబాయ్ వోలే. ఎవరెవరో చెప్తే విని చెప్తున్న. ఎక్కింది ఆమె. మొన్న జర్మనీ వొయ్యొచ్చింది. ఆమెకు చిన్నది ఇయ్యక, గా పెద్దది ఇచ్చి పంపిన. నడవదని తెలిసే ఇచ్చిన."

పుష్పాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెండ్లానికేనా? అదేం బుద్ధి నాయినా! పగోనికి గూడ ఎవడన్న గట్ల జేస్తడా?" అని మొహం మీదే కడిగేసింది. ఆయన తల వంచుకొని పడ్డాడు. నందిని తేరుకొని చిన్న లాప్‌టాప్ తీసుకుంది. ఇంటి దగ్గరే బ్యాటరీ నిండా చార్జింగు పెట్టుకొమ్మని, తెర వెలుగు తగ్గించుకొమ్మని, ముందు ఎయిర్‌పోర్టులోనే ఎంతయితే అంత చదువుకొమ్మని ఉషారాణి లేచొచ్చి ఓపిగ్గా చెప్పింది. పిల్ల ఆమెకే దండం పెట్టి పోయింది.

వాళ్ళు రోడ్డు దాటి పోయారు.

"పచ్చ లైటు ఆరిపోయింది" అంది ఉషారాణి. "మళ్ళీ మళ్ళీ పెట్టి చూశా. పక్కాయన కూడా చూశాడు. చార్జరు వెనక నూట ఎనభై అని ఉంటే, మీరు ఎప్పుడూ చెప్పే లెక్క గుర్తొచ్చింది. హడావుడిలో మర్చిపోయి ఇచ్చి ఉంటారు, పాపం, ఎంత బాధపడతారో అని మీకు చెప్పలేదు. దిగాక తిన్నగా సభకే తీసుకుపోయారు. నాకు ఇరవై నిమిషాలిచ్చారు. పదకొండు స్లయిడ్లు ఎనిమిది నిమిషాల్లో అయిపోయాయి. పొలంలో పిల్లల ఫొటోలన్నీ మిగిలిపోయినవాటిలోనే ఉన్నాయి. వాళ్ళ పేర్లు కూడా చెప్పలేకపోయా. మిగతా పన్నెండు నిమిషాలు ఇంకో ఆవిడకిచ్చేశారు. మీరు పూర్తిగా మాట్లాడారా టీచర్ అని పిల్లలు అడిగితే, ఆఁ అన్నా."

రవీందర్ కళ్ళు తుడుచుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలిసే ఇచ్చానని ముక్కూమొహం తెలియని పిల్లకు చెప్పారు. నాకు చెప్పలేదు. ఇప్పుడు కూడా నా వైపు చూడలేదు. నాకు ఎప్పుడు చెప్తారు?"

ఆయన తలెత్తాడు. పక్కన యాదయ్య కొట్టులో టీ గిన్నె బుసబుస పొంగుతోంది.

"కుళ్ళుకున్న ఉషా" అన్నాడు. "నువ్వు వోతుంటే నాకు మస్తు కుళ్ళు వుట్టింది. ఓర్వలే. నువ్వు వొయ్యొచ్చి, ఏం లేదు, ఊకె బస్సు లెక్కనే ఉన్నది అని చెప్తే బాగుండు అనుకున్న."

"అడిగితే అలాగే చెప్పేదాన్ని" అంది ఉషారాణి. "మీకోసం ఎన్ని చెప్పలేదు?"

నోటుపుస్తకాలు సంచిలో సర్దుకొంది. రోజూ ఇద్దరూ కలిసి బండి మీదే ఇంటికి పోతారు. ఆయన తాళంచెవి తీసి బండి దగ్గరకు నడిచాడు. ఆమె రోడ్డు అంచుకు పోయి ఆటోను ఆపి, ఎక్కి కూర్చుంది.